ముందు ఆఖరి బస్సు, తర్వాతే జలపాతం: వరంగల్ నుంచి తక్కువ ఖర్చుతో అడవిబాట పట్టడం ఎలా?

కారున్నవాళ్ళకు ఈ వ్యాసంతో పనిలేదు. వాళ్ళు పొద్దున బయల్దేరి రామప్ప గుడి, లక్నవరం చెరువు, బొగత జలపాతం మూడూ ఒక్కరోజులో చుట్టేసి, మూడు చోట్లా సెల్ఫీలు దిగి, రాత్రికి హన్మకొండలో బిర్యానీ తింటారు. నేను రాస్తున్నది రెండు రోజుల సెలవు, జేబులో 1,500 రూపాయలు, వీపున ఒక సంచి తప్ప ఇంకేమీ లేనివాళ్ళ కోసం. ములుగు, భూపాలపల్లి, ఆసిఫాబాద్ వైపు నేను తిరిగిందంతా ఇట్లాగే.

బస్సు మీద తిరిగేవాళ్ళు గుర్తుపెట్టుకోవాల్సింది ఒక్కటే. ముందు తిరుగు బస్సు చూసుకోవాలి, చూడాల్సిన చోటు తర్వాత. మనం చేసేదేమో తలకిందులు. ఎవరో పెట్టిన ఫొటో చూసి జలపాతం ఖాయం చేసుకుంటాం, పోయే బస్సు వెతుక్కుంటాం, వచ్చే బస్సు సంగతి చీకటి పడ్డాక యాదికొస్తుంది.

మొదటి పని: ఊరి పేరు పూర్తిగా తెలుసుకోండి

ఇది చిన్న విషయం అనుకోకండి. ములుగు జిల్లాలో వెంకటాపూర్ ఉంది, వెంకటాపురమూ ఉంది. మొదటిది రామప్ప గుడి ఉన్న మండలం. రెండోది గోదావరి అవతల, ఛత్తీస్‌గఢ్ సరిహద్దులో ఉన్నది, పాతవాళ్ళు నూగూరు వెంకటాపురం అంటారు. బస్సు బోర్డు మీద చివరి అక్షరాల తేడా, రోడ్డు మీద మాత్రం సగం రోజు తేడా. హన్మకొండలో అడిగేటప్పుడు "రామప్ప వెంకటాపూర్" అనో "నూగూరు వెంకటాపురం" అనో విడమరిచి చెప్పండి.

ఘనపూర్ కథ ఇంకా గమ్మత్తు. కోటగుళ్ళు చూద్దామని బయల్దేరి, బస్టాండులో "ఘనపూర్ బస్సేది?" అని అడిగి, ఎవరో చెయ్యి చూపిన బస్సెక్కి కూర్చున్నాను. పక్క సీట్లో ఒక పెద్దమ్మ, ఒళ్ళో కూరగాయల సంచి. ఎక్కడికి పోతున్నానో అడిగింది. చెప్పాను. నా వంక ఒకసారి చూసి, "బిడ్డా, గుళ్ళున్న ఘనపురమా, రైలున్న ఘనపురమా?" అంది. నేనెక్కింది రైలున్న ఘనపురం బస్సు, అంటే స్టేషన్ ఘనపూర్. జనగామ వైపు. గుళ్ళున్న ఘనపురం ములుగు, భూపాలపల్లి వైపు. కాజీపేటలో దిగి వెనక్కి వచ్చేసరికి పోవాల్సిన బస్సు పోయింది.

తాడ్వాయి కూడా అంతే, కామారెడ్డి జిల్లాలో ఇంకోటి ఉంది. ఫోన్ మ్యాపులో ఊరి పేరు కొడితే ఏది చూపిస్తుందో దాని ఇష్టం. జిల్లా పేరు కలిపి కొట్టండి.

రెండో పని: కాలం చూసుకోండి

జలపాతాలకు వానాకాలం వెళ్ళాలని అందరూ చెప్తారు. నా మాట వేరు. జులై, ఆగస్టుల్లో వెళ్ళకండి, సెప్టెంబరు చివరి నుంచి నవంబరు దాకా వెళ్ళండి. నీళ్ళు ఇంకా ఉంటాయి, వాగులు తగ్గుతాయి, మట్టిరోడ్లు గట్టిపడతాయి.

ఎందుకంటే ఇక్కడ మనిషిని ఆపేది గోదావరి కాదు, వాగు. 2023 జులై చివర్లో ములుగు జిల్లా వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. ఆ వానకే మోరంచవాగు పొంగి మోరంచపల్లి ఊరంతా మునిగింది. దానికి ఒకరోజు ముందు, నూగూరు వెంకటాపురం మండలం వీరభద్రవరం దగ్గరి ముత్యాలధార జలపాతం చూద్దామని అడవిలోకి పోయినవాళ్ళు, తిరిగొచ్చే దారిలో వాగు దాటలేక రాత్రంతా అడవిలోనే చిక్కుపడ్డారు. దాదాపు 80 మంది. విపత్తు దళం పోయి తీసుకొచ్చింది. పొద్దున వాళ్ళు దాటినప్పుడు అదే వాగు మోకాళ్ళ లోతు కూడా ఉండి ఉండదు. మీ దగ్గర చినుకు లేకపోయినా ఎగువన గుట్టల మీద పడితే చాలు, వాగు గంటలో రూపం మార్చేస్తుంది. నీళ్ళ రంగు ఎర్రబడినా, ఆకులు పుల్లలు కొట్టుకొస్తున్నా వెంటనే వెనక్కి తిరగండి.

ఎండాకాలం జలపాతాలు ఉండవు, నిజమే. కానీ మార్చి, ఏప్రిల్‌లో తాడ్వాయి అడవి వేరే లోకం. తెల్లవారుజామున ఇప్పచెట్ల కింద గంపలు పెట్టుకొని పూలేరుతుంటారు, ఆ మత్తువాసన రోడ్డు దాకా వస్తుంది. ఏప్రిల్ దాటితే రోడ్డు పక్కన తునికి పండ్లు అమ్ముతారు. వేడికి ఓర్చుకోగలిగితే పది గంటల్లోపు నడక ముగించుకొని, మధ్యాహ్నమంతా ఏ చెట్టు కిందో పడుకోవచ్చు. ఖర్చు లేని యాత్ర ఇదే.

చలికాలం ఆదిలాబాద్ వైపు పోయేవాళ్ళు దుప్పటి లేకుండా పోవద్దు. రాష్ట్రంలో చలి ఎక్కువ కొరికేది అక్కడే.

మూడో పని: తిరుగు లెక్క వేయండి

ఒక కాగితం తీసుకోండి. కాగితమే, ఫోన్ కాదు. తాడ్వాయి దారిలో పస్రా దాటాక చాలా దూరం సిగ్నల్ ఉండదు, అప్పుడు ఫోన్ మ్యాపూ పనిచేయదు, డబ్బులు కొట్టే యాప్ కూడా పనిచేయదు.

కాగితం అడుగున ఆఖరి బస్సు సమయం రాయండి. అది నెట్‌లో చూసింది కాకూడదు. వెళ్ళిన ఊళ్ళో దిగగానే ముగ్గురిని అడగాలి: మిమ్మల్ని దింపిన కండక్టరును, బస్టాండు పక్కన చాయ్ హోటలాయన్ను, ఒక ఆటో డ్రైవరును. ఆటో డ్రైవరు బస్సు లేదనే అంటాడు, అది ఆయన బతుకుతెరువు. కండక్టరు చెప్పేది కాగితం మీదున్న సమయం. హోటలాయన చెప్పేదే అసలు సమయం, ఎందుకంటే ఆయన పొయ్యి ఆర్పేది ఆ బస్సు పోయాకే. ముగ్గురి మాటల్లో ఏది ముందుంటే అది రాసుకోండి.

అక్కడి నుంచి పైకి లెక్క కట్టండి. ఆఖరి బస్సు అయిదింటికైతే మీరు రోడ్డు మీదుండాల్సింది నాలుగింటికి. మీ గమ్యం రోడ్డుకు గంట నడక దూరంలో ఉంటే అక్కణ్ణుంచి మూడింటికి కదలాలి. చూడ్డానికి రెండు గంటలు కావాలంటే ఒంటిగంటకల్లా చేరాలి. చేరలేనని తేలితే ఆ చోటును ఈసారికి వదిలేయండి.

ఆడవాళ్ళకు ఇంకో లాభం ఉంది. 2023 డిసెంబరు నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో రాష్ట్రం లోపల ప్రయాణం ఉచితం. ఆధార్ కార్డు అసలుది చేతిలో పెట్టుకోండి, ఫోన్లో ఫొటో చూపిస్తే కొందరు కండక్టర్లు ఒప్పుకోరు. జీరో టికెట్ తప్పకుండా తీసుకోండి. మా చెల్లె, దాని స్నేహితురాలు కలిసి కాళేశ్వరం పోయొస్తే చెరి 300 రూపాయలు కూడా కాలేదు, అందులో సగం చాయ్‌లకే.

సంచిలో ఏం పెట్టుకోవాలి

చిల్లర నోట్లు. రెండు లీటర్ల నీళ్ళు. టార్చి. దోమల మందు, ఎందుకంటే ఏజెన్సీలో మలేరియా ఉత్తమాట కాదు. చెప్పులు కాదు, బూట్లు. గుర్తింపు కార్డు, సరిహద్దు వైపు పోలీసులు ఆపి అడుగుతారు, ఓపిగ్గా చూపిస్తే వదిలేస్తారు. తిండికి సర్వపిండిని మించింది లేదు. పొద్దున గిన్నెకు ఒత్తి కాల్చుకుంటే రాత్రి దాకా పాడవదు, విరిగినా రుచి పోదు, పప్పు పులుసు అడగదు.

ముందు ఒక్కరోజు పోయి చూడండి: పాండవుల గుట్ట

మొదటిసారే ఏటూరునాగారం దాకా పోవద్దు. హన్మకొండ నుంచి పరకాల మీదుగా భూపాలపల్లికి బస్సులు బాగా ఉంటాయి, సింగరేణి గనుల పుణ్యం. రేగొండలో దిగి తిరుమలగిరి వైపు ఆటో మాట్లాడుకోండి. ఎక్కేముందే రాను, పోను కలిపి ధర ఖాయం చేసుకోండి, తీసుకుపోవడానికి మళ్ళీ ఎన్నింటికి రావాలో కూడా చెప్పండి. వచ్చాకే మొత్తం ఇస్తానని చెప్తే తప్పకుండా వస్తారు.

ఇక్కడి బండల మీద ఆదిమానవులు గీసిన బొమ్మలున్నాయి. 1990లో ఇవి వెలుగులోకి వచ్చాయి. లేళ్ళు, అడవిదున్నలు, చిరుతలు, గీతలు, వలయాలు. ఎక్కువగా జేగురు రంగు, అక్కడక్కడా తెలుపు, పచ్చ. ఒక చోట బొమ్మలు తలెత్తి చూడాల్సినంత ఎత్తులో ఉన్నాయి. అంత పైకి ఎట్లా ఎక్కి గీశారో అని మెడ నొప్పి పుట్టేదాకా చూశాను. గుహలకు ఊరివాళ్ళు పెట్టుకున్న పేర్లు వినండి: ఎదురు పాండవులు, గొంతెమ్మ గుహ. గొంతెమ్మ అంటే కుంతీదేవే. ఆ బొమ్మలు గీసినవాళ్ళకు భారతం తెలిసే అవకాశమే లేదు, కానీ గుట్ట ఎవరిదో ఒకరిది కావాలి కదా.

బొమ్మలను ముట్టుకోవద్దు, ఫొటోలో బాగా కనబడాలని నీళ్ళు అసలే చల్లొద్దు. పక్కనే బండల మీద బొగ్గుతో ప్రేమజంటల పేర్లు రాసి ఉన్నాయి. వాళ్ళల్లో ఎంతమంది ఇంకా కలిసున్నారోగానీ రాత మాత్రం పోవడం లేదు.

ఇక రెండు రోజుల దారి: రామప్ప, తాడ్వాయి, బొగత

పొద్దున్నే మొదటి బస్సు పట్టుకోండి. నేరుగా పాలంపేట పోయేది దొరికితే సరే, లేకపోతే ములుగులో దిగి అక్కణ్ణుంచి బస్సో, షేరు ఆటోనో. ములుగుకు ముందే దారిలో గట్టమ్మ గుడి వస్తుంది. మేడారం పోయేవాళ్ళు మొదట మొక్కేది ఈమెకే. బస్సులో సగం మంది కూర్చున్నచోటే దండం పెడతారు.

రామప్ప గుడి గురించి చదవడానికి చాలా ఉంది: కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించాడు, నీటిలో తేలే ఇటుకలతో శిఖరం లేపారు, ఇసుక నింపిన పునాది మీద నిలబెట్టారు, 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చింది. ఇదంతా చెప్పడానికి అక్కడ గైడ్లున్నారు. మీరు మాత్రం గుడి చుట్టూ చూరు కింద ఏటవాలుగా నిలబెట్టిన నల్లరాతి మదనికలను, అంటే ఆ ఆడబొమ్మలను, ఒక్కొక్కరినే చూడండి. ఒకామె పాదాలకు ఎత్తుమడమల చెప్పులున్నాయి. ఎనిమిది వందల ఏళ్ళ కిందటి చెప్పులు! పట్టీ కాలివేళ్ళ మీదుగా ఎట్లా పోయిందో కూడా చెక్కాడు. పొద్దుటి ఎండ ఏటవాలుగా పడినప్పుడే ఇవి కనబడతాయి, మిట్టమధ్యాహ్నం అన్నీ నల్లగా ఒక్కలాగే ఉంటాయి.

కోటగుళ్ళు రామప్పకు దగ్గరే. సగం కూలి, సగం నిలబెట్టిన ఆ ఆవరణలో చాలాసార్లు నేనూ, మేకల కాపరీ తప్ప ఎవరూ ఉండరు. లక్నవరం చెరువుకు బుస్సాపూర్ దగ్గర మలుపు తిరగాలి. వేలాడే వంతెనలు బాగుంటాయిగానీ ఆదివారం తిరనాళ్ళే, ఖర్చూ ఎక్కువే. నేనైతే వదిలేస్తాను.

సాయంత్రానికి తాడ్వాయి చేరాలి. అక్కడ పర్యాటక శాఖ వసతి ఉంది, ముందే బుక్ చేసుకోండి. దొరకకపోతే ఇంకాస్త ముందుకు ఏటూరునాగారం పోయి లాడ్జి చూసుకోండి. అడవిలో డేరా వేద్దామనే ఆలోచన మాత్రం మానుకోండి. ఇది అభయారణ్యం, అనుమతి లేకుండా లోపల రాత్రి గడపడం నేరం. 2024 ఆగస్టు చివర్లో వీచిన పెనుగాలికి తాడ్వాయి, మేడారం మధ్య వేల చెట్లు ఒక్క పూటలో పడిపోయాయి. ఆ రాత్రి లోపల ఎవరైనా డేరా వేసి ఉంటే ఏమయ్యేదో మీరే ఊహించుకోండి.

రెండో రోజు పొద్దున దామరవాయి. ఊరివాళ్ళలో ఒకరిని తోడు తీసుకోండి, వాళ్ళ కూలి వాళ్ళకివ్వండి. గుట్ట మీద పెద్ద పెద్ద బండపలకలు నిలబెట్టి, పైన ఇంకో పలక కప్పిన సమాధులు కనిపిస్తాయి. రాకాసి గుళ్ళు అంటారు స్థానికులు. బృహత్ శిలాయుగం నాటివి. తల వంచి లోపలికి తొంగిచూస్తే చల్లగా, చీకటిగా, ఎండుటాకులు. నాతో వచ్చిన కోయ పెద్దమనిషి లోపలికి పోనియ్యలేదు. "పాముంటదేమో" అన్నాడుగానీ, కారణం అదొక్కటే కాదని ఆయన ముఖం చూస్తే తెలిసింది. నేను రెట్టించలేదు.

తాడ్వాయి నుంచి ఏటూరునాగారం, అక్కణ్ణుంచి ముల్లకట్ట వంతెన మీద గోదావరి దాటితే వాజేడు మండలం. చీకుపల్లి దగ్గర దిగి లోపలికి నడిస్తే, లేదా ఆటో పడితే బొగత. తెలంగాణ నయాగరా అని ఎవరు పేరు పెట్టారోగానీ ఆ మాట మరచిపోయి చూడండి, ఇంకా బాగుంటుంది. వరద ఎక్కువుంటే నీళ్ళలోకి దిగనివ్వరు, ఒక్కోసారి లోపలికే రానివ్వరు. సిబ్బందితో వాదించకండి. ఇక్కడి నుంచి తిరుగు బస్సు లెక్క కొంచెం గట్టిగా వేయాలి, ఎందుకంటే వంతెన అవతలి నుంచి వచ్చే బస్సులు తక్కువ. మూడింటికి చీకుపల్లి రోడ్డు మీద ఉండండి.

మేడారం సంగతి ఒక ముక్క. రెండేళ్ళకోసారి మాఘమాసంలో సమ్మక్క సారలమ్మ జాతర. ఆ రోజుల్లో ఈ రెండు రోజుల దారి పనిచేయదు, బస్సులన్నీ అటే. జాతర చూడాలంటే జాతరకే పోండి. మిగతా రోజుల్లో వెళ్తే గద్దెల దగ్గర నిశ్శబ్దంగా ఉంటుంది, బెల్లం తీసుకుపోండి. అక్కడ దాన్ని బెల్లం అనకూడదు, బంగారం అనాలి.

రైలెక్కి ఉత్తరానికి: ఆసిఫాబాద్ వైపు

ఈ దారి అలవాటయ్యాక కాజీపేటలో కాగజ్‌నగర్ రైలెక్కండి. జనరల్ టికెట్‌తో తెలంగాణ చివరి దాకా పోవచ్చు. ఒక హెచ్చరిక: స్టేషన్ పేరు చివర "రోడ్" అని ఉంటే ఊరు అక్కడ లేదని అర్థం. ఆసిఫాబాద్ రోడ్ స్టేషన్లో దిగితే ఆసిఫాబాద్ ఇంకా బస్సు దూరం. భద్రాచలం రోడ్ అయితే మరీ అన్యాయం, అది కొత్తగూడెం.

ఆసిఫాబాద్ నుంచి కెరమెరి ఘాట్ ఎక్కే బస్సులో కిటికీ సీటు సంపాదించుకోండి. జోడేఘాట్‌లో కొమురం భీం స్మారకం, మ్యూజియం ఉన్నాయి. నిజాం సేనలతో పోరాడి 1940లో ఆయన నేలకొరిగింది ఆ గుట్టల్లోనే. ఆ చుట్టుపక్కలే ఉషేగాం అనే ఊళ్ళో డోక్రా ఇత్తడి పని చేసే కుటుంబాలున్నాయి. మట్టి బొమ్మ మీద మైనాన్ని దారంలా సాగదీసి వరసగా చుడతారు, పైన మళ్ళీ మట్టి పూస్తారు, కాలిస్తే మైనం కరిగిపోతుంది, ఆ ఖాళీలోకి కరిగిన ఇత్తడి. చల్లారాక మట్టి పగలగొడితే మైనపు దారం ఎట్లా చుట్టారో అట్లాగే ఇత్తడి మీద గీతలు. అచ్చు పగిలిపోతుంది కాబట్టి ఇంకో బొమ్మ అచ్చంగా అట్లాగే రాదు. 2018లో దీనికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. కొనేదుంటే అక్కడే కొనండి, బేరం ఆడకండి. మీ యాత్రలో డబ్బు మిగల్చాల్సిన చోటు ఇది కాదు.

పుష్య అమావాస్యకు ఇంద్రవెల్లి మండలం కేస్లాపూర్‌లో నాగోబా జాతర. మెస్రం వంశంవాళ్ళు కాలినడకన గోదావరి నీళ్ళు తెచ్చి పూజ మొదలుపెడతారు. చూడ్డానికి పోవచ్చు, కెమెరా మెడలో వేలాడేసుకొని పూజలో దూరకూడదు. గూడేల్లో ఎక్కడైనా మనిషిని ఫొటో తీసేముందు అడగండి. వద్దంటే వద్దనే.

కుంటాల జలపాతం దాదాపు 45 మీటర్ల ఎత్తు. పైనుంచి చూడండి, కింద గుండంలో ఈదొద్దు. బోర్డు పెట్టింది ఉత్తినే కాదు.

పోకూడని చోట్లు

వెంకటాపురం, వాజేడు మండలాల గుట్టల్లోకి, ముఖ్యంగా కర్రెగుట్టల వైపు, ఎవరు దారి చూపిస్తామన్నా వెళ్ళొద్దు. అటు మందుపాతరలు పేలి కట్టెల కోసం పోయిన ఊరివాళ్ళే చనిపోయారు. ముత్యాలధార కూడా అటే.

కాగజ్‌నగర్ చుట్టుపక్కల చలికాలం పొద్దునపూట, సాయంత్రం ఒంటరిగా నడవొద్దు. 2024 నవంబరులో పత్తి చేలో పనిచేస్తున్న మహిళ పులి దాడిలో చనిపోయింది. కవ్వాల్ పులుల అడవి నుంచి, మహారాష్ట్ర నుంచి పులులు తిరిగే దారి అది. ఆటోకు ఇచ్చే వంద రూపాయలు ఖర్చు అనుకోకండి.

ఆఖరి బస్సు పోతే

ఎన్ని లెక్కలు వేసినా ఒకరోజు పోతుంది. పోయిందని తెలియగానే లోపలి ఊళ్ళో ఉండిపోకుండా వెలుతురు ఉండగానే పెద్దరోడ్డు మీదికి రండి. రాత్రంతా ఇసుక లారీలు తిరుగుతుంటాయి, కానీ ఎక్కొద్దు, డ్రైవర్లు నిద్రలేమితో నడుపుతుంటారు. ఊరివాళ్ళను "నైట్ హాల్ట్ బస్సు ఏ ఊళ్ళో ఆగుతది?" అని అడగండి. సాయంత్రం వచ్చి, రాత్రి ఊళ్ళోనే పడుకొని, తెల్లారకముందే తిరిగిపోయే బస్సు అది. దాని పక్కనే చాయ్ హోటలుంటుంది, మనుషులుంటారు, పొద్దున మొదటి బస్సు కూడా అదే అవుతుంది.

నాకు ఒకసారి మంగపేట అవతల ఒక ఊళ్ళో అట్లా దొరికింది. డ్రైవరు ముందు సీట్లో దోమతెర కట్టుకుంటున్నాడు. కండక్టరుకు నా కథంతా చెప్పాను. అతను విని, వెనక సీటు వైపు చెయ్యి చూపించి, "పండు తమ్మీ. నాలుగున్నరకు తీస్తం" అని, లైటు ఆర్పబోతూ ఆగాడు.

"టికెట్ ఇప్పుడే కొట్టమంటవా, లేచినంక కొట్టాల్నా?"